మీ రేడియో కాలిపోలేదు

ఈ వారం ఒక పాఠకురాలి నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. పేరు, కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే రేడియో గుర్తింపు) వేయవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడ వయసు 47. హ్యామ్ రేడియో పరీక్ష పాసై, లైసెన్సు చేతికొచ్చి 4 నెలలైంది. రెండు బ్యాండ్ల హ్యాండ్‌సెట్, దానికో ప్రోగ్రామింగ్ కేబుల్ కొనుక్కున్నారు. తన లాప్‌టాప్‌కు కేబుల్ తగిలిస్తే డివైస్ మేనేజర్‌లో దాని పేరు మీద పసుపు గుర్తు పడుతోంది, తెరిచి చూస్తే ‘కోడ్ 10’ అని ఉంటోంది. రేడియోలో చానళ్లు నింపే చిర్ప్ అనే సాఫ్ట్‌వేర్‌ను 4 సార్లు తీసేసి మళ్లీ వేసినా మార్పు లేదు. భర్త పాత లాప్‌టాప్‌లో పోర్ట్ కనబడింది కానీ, రేడియో స్పందించడం లేదనే మెసేజ్ రెండుసార్లు వచ్చింది. మూడోసారి ప్లగ్‌ను కాస్త తిప్పి గట్టిగా నొక్కితే రేడియోలో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి వచ్చింది. ఆ సంతోషంలో దాన్ని సేవ్ చేయకుండానే మూసేసి, క్లబ్‌లో ఒక సీనియర్ పంపిన ఫైల్‌ను రేడియోలోకి ఎక్కించారు. అది సగంలో ఆగిపోయింది. మళ్లీ చేస్తే పూర్తయింది.

అప్పటి నుంచి రేడియో ఆన్ చేయగానే తెర మీద ఆ సీనియర్ కాల్‌సైన్ కనిపిస్తోంది. రిపీటర్‌లో (మాటలను అందుకుని తిరిగి పంపే స్టేషన్) అందరి మాటలూ వినబడుతున్నాయి, ఈవిడ మాట మాత్రం ఎవరికీ చేరడం లేదు. అరువు తెచ్చిన ఇంకో రేడియోను పక్క గదిలో పెట్టి, రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడితే స్పష్టంగా వినిపిస్తోంది. సీనియర్‌ను ఫోన్లో అడిగితే, ‘అప్‌లోడ్ సగంలో ఆగింది కదా, ట్రాన్స్‌మిటర్ పోయి ఉంటుంది. కంప్యూటర్ రానివాళ్లు ముందు అది నేర్చుకుని ఇటు రావాలి’ అన్నారట. ఇంకో 12 రోజుల్లో క్లబ్ వాళ్ల అత్యవసర సమాచార డ్రిల్ ఉంది. అందులో ఒక చెక్‌పాయింట్ తాను చూసుకుంటానని పేరు ఇచ్చేశారు. పేరు వెనక్కి తీసుకోవాలా, కొత్త రేడియో కొనాలా, అసలు ఈ హాబీ నాకు తగదా అని అడుగుతున్నారు. వారం నుంచి రేడియోను ముట్టుకోలేదట.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా మీకు నిద్ర పట్టనివ్వని విషయం చెప్పేస్తాను. మీ ట్రాన్స్‌మిటర్ పనిచేస్తోంది. ఆ సంగతి మీ ఉత్తరంలో మీరే రాశారు. పక్క గదిలోని రేడియోలో మీ గొంతు స్పష్టంగా వినిపించిందంటే మీ మైకు పనిచేస్తోంది, మీ రేడియో సిగ్నల్ పంపుతోంది. పూర్తిగా పోయిన ట్రాన్స్‌మిటర్ పక్క గదికి కూడా మాట పంపలేదు. ఎవరూ చెప్పకుండానే మీరు ఆ పరీక్ష చేశారు. ఈ వ్యవహారంలో అందరికంటే సరైన పని చేసింది మీరే.

అప్‌లోడ్ సగంలో ఆగితే ఏమవుతుందో కూడా చెబుతాను. అప్‌లోడ్ అంటే రేడియో మెమరీలో చానళ్ల వివరాలు, సెట్టింగులు రాయడం. మధ్యలో తెగిపోతే ఆ రాత అసంపూర్తిగా ఉంటుంది. రేడియో ఆపి, ఆన్ చేసి మళ్లీ మొదటి నుంచి రాస్తే మామూలుగా సర్దుకుంటుంది. మీకు జరిగింది కూడా అదే. సిగ్నల్‌ను పెంచి పంపే భాగానికీ ఈ రాతకీ సంబంధం లేదు.

మిమ్మల్ని ఇంత అలసిపోయేలా చేసింది ఒకే పెద్ద సమస్య కాదు. నాలుగు చిన్నవి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మీ లాప్‌టాప్‌కూ కేబుల్‌కూ కుదరకపోవడం ఒకటి. కేబుల్‌కూ రేడియోకూ సరిగ్గా అతకకపోవడం రెండోది. మీది కాని ఫైల్ మీ రేడియోలో కూర్చోవడం మూడోది. రిపీటర్‌కు కావలసిన గుర్తు మీ సిగ్నల్‌లో లేకపోవడం నాలుగోది. వీటన్నిటికీ కలిపి ఒకే మందు వెతికారు కాబట్టి ఏదీ పనిచేయలేదు. చిర్ప్‌ను 4 సార్లు తీసి వేయడం వల్ల ఫలితం రాకపోవడం సహజమే, ఎందుకంటే అప్పటికి తప్పు చిర్ప్ దాకా రానేలేదు.

కోడ్ 10 అంటే ఆ పరికరం స్టార్ట్ కాలేదని విండోస్ చెప్పడం. కేబుల్‌లోని యూఎస్‌బీ ప్లగ్ దగ్గర ఒక చిన్న చిప్ ఉంటుంది. యూఎస్‌బీలో వచ్చే సమాచారాన్ని రేడియోకు అర్థమయ్యే సీరియల్ సిగ్నల్‌గా మార్చడం దాని పని. ఈ కేబుళ్లలో ఎక్కువగా కనిపించేది పీఎల్2303 అనే రకం. దీని పాత చిప్‌ల తయారీ ఆపేశారు, నకళ్లు మాత్రం మార్కెట్లో చాలా తిరుగుతున్నాయి. పాత చిప్‌లనూ నకళ్లనూ కొత్త డ్రైవర్లు (పరికరాన్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఒప్పుకోవు. కొన్నిసార్లు కోడ్ 10 వస్తుంది, కొన్నిసార్లు పరికరం పేరు ఉండాల్సిన చోట ‘ఈ చిప్‌ను 2012 నుంచి ఆపేశారు, అమ్మినవారిని సంప్రదించండి’ అనే వాక్యమే కనిపిస్తుంది. మీ భర్త గారి లాప్‌టాప్‌లో పాత డ్రైవర్ ఉండి ఉంటుంది, అందుకే అక్కడ పోర్ట్ కనబడింది. కేబుల్‌ను పారేయాల్సినంత తప్పేమీ లేదని దీన్ని బట్టి తెలుస్తోంది.

ఇక రేడియో స్పందించకపోవడానికి కారణం మీ వేళ్లకు ముందే తెలిసిపోయింది. తిప్పి నొక్కగానే పనిచేసింది కదా. రెండు పిన్నులుండే ఈ ప్లగ్‌లు చూడ్డానికి పూర్తిగా దిగినట్టే ఉంటాయి కానీ, ప్లగ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రేడియో అంచుకు తగిలి చివరి మిల్లీమీటరు లోపలికి పోదు. ఆ మిల్లీమీటరు తేడాతో డేటా తీగ తగలదు. నేను కూడా ఒకసారి సాయంత్రమంతా డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నాను, తీరా చూస్తే ప్లగ్ దిగలేదు. అప్పటి నుంచి ప్లగ్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాకే కంప్యూటర్ వైపు చూస్తాను. కొందరు ఆ ప్లాస్టిక్ అంచును కొద్దిగా చెక్కుతారు. మీరు మాత్రం వెంటనే ఆ పని చేయకండి, ముందు నొక్కి పట్టుకుని చూడండి.

కేబుల్ తగిలించే వరస కూడా ముఖ్యమే. రేడియో ఆఫ్‌లో ఉండగా ముందు కేబుల్‌ను రేడియోకు, తర్వాత యూఎస్‌బీకి పెట్టి, చివర్లో రేడియో ఆన్ చేయండి. హ్యాండ్‌సెట్‌లో బయటి మైకు, స్పీకర్ పెట్టుకునే రంధ్రాల గుండానే ఈ డేటా కూడా వెళ్తుంది. రేడియో ఆన్‌లో ఉండగా కేబుల్ రెండో కొస దేనికీ తగిలించకుండా వదిలేస్తే, కొన్ని రేడియోలు ఎవరో పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే మీట) నొక్కారనుకుని వాటంతటవే ట్రాన్స్‌మిట్ మొదలుపెడతాయి. ఎర్ర లైటు వెలిగితే వెంటనే ఆపేయండి. చదివేటప్పుడు, రాసేటప్పుడు రేడియో ఎవరూ మాట్లాడని చానల్ మీద ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. చిర్ప్‌లో ఏ పోర్ట్ ఎంచుకోవాలో సందేహం వస్తే డివైస్ మేనేజర్ తెరిచి పెట్టుకుని కేబుల్ పీకండి. ఏ నంబరు మాయమైతే అదే మీ పోర్ట్. మిగతావి బ్లూటూత్ లాంటివాటివి అయ్యుంటాయి.

నాలుగో విషయం మీ డ్రిల్‌కు నేరుగా సంబంధించినది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో వింటుంది, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో తిరిగి పంపుతుంది. రెండు మీటర్ల బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీల శ్రేణిలో ఈ రెంటి మధ్య దూరం చాలాచోట్ల 600 కిలోహెర్ట్జ్. మీరు వినే ఫ్రీక్వెన్సీ సరిగ్గా ఉంటే చాలు, అందరి మాటలూ వినబడతాయి. మీ మాట వాళ్లకు చేరాలంటే మాత్రం మీ రేడియో రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీకి మారి పంపాలి. దానితోపాటు చాలా రిపీటర్లు సీటీసీఎస్ఎస్ టోన్ కూడా అడుగుతాయి. అది మీ గొంతు కింద సన్నగా నడిచే ఒక స్థిరమైన స్వరం. 67 నుంచి 254.1 హెర్ట్జ్ వరకూ ఉండే నిర్ణీత టోన్లలో మీ రిపీటర్‌కు ఒకటి కేటాయించి ఉంటారు. ఆ టోన్ వినబడకపోతే మీరెంత బలంగా పంపినా రిపీటర్ నోరు విప్పదు. అన్నీ వినబడుతూ మీ మాట మాత్రం ఎవరికీ చేరడం లేదంటే, నేనైతే ముందు ఈ రెండే చూస్తాను.

చిర్ప్‌లో చాలామంది పొరబడే చోటు కూడా ఇక్కడే ఉంది. టోన్ గడిలో 88.5 అనే అంకె ముందే కనిపించవచ్చు. దాన్ని మార్చి మీ రిపీటర్ టోన్ పెట్టినంత మాత్రాన అది పనిచేయదు. పక్కనే టోన్ మోడ్ అనే గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే టోన్ గడిలోని అంకెకు విలువ లేదు. అక్కడ ‘టోన్’ అని ఎంచుకోవాలి. ‘టీఎస్‌క్యూఎల్’ అని ఎంచుకుంటే పంపేటప్పుడే కాక వినేటప్పుడు కూడా టోన్ కోసం చూస్తుంది, దాని అంకె వేరే గడిలో ఉంటుంది. రిపీటర్ తిరిగి టోన్ పంపకపోతే అప్పుడు మీకేమీ వినబడదు. అందుకే మొదట్లో ‘టోన్’ చాలు. ఆఫ్‌సెట్ (వినే, పంపే ఫ్రీక్వెన్సీల మధ్య దూరం) కూడా ఇలాంటిదే. అందులో 0.6 (మెగాహెర్ట్జ్, అంటే 600 కిలోహెర్ట్జ్) అని ఉన్నా, డ్యూప్లెక్స్ గడిలో ప్లస్సో మైనస్సో లేకపోతే రేడియో ఫ్రీక్వెన్సీ మార్చదు. సీనియర్ గారి ఫైల్‌లో మీ రిపీటర్ వరుసను ఈ నాలుగు గడుల్లో చూడండి. ఏదో ఒకటి ఖాళీగానో వేరే అంకెతోనో ఉంటుందని నా అనుమానం. ఆయన ఆ రిపీటర్‌ను వాడకుండా వినడానికి మాత్రమే పెట్టుకుని ఉండవచ్చు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

కంప్యూటర్‌ను పక్కన పెట్టి, రేడియో మీటలతోనే డ్రిల్‌కు కావలసిన 2, 3 చానళ్లు ఎక్కించుకోవడం ఒకటి. మెనూలో షిఫ్ట్ దిశ (ప్లస్సో మైనస్సో), ఆఫ్‌సెట్, పంపే టోన్ పెట్టి మెమరీలో వేయాలి. కొన్ని మోడళ్లలో వినే ఫ్రీక్వెన్సీని ఒక చానల్‌లో వేసి, పంపే ఫ్రీక్వెన్సీని అదే చానల్‌లో రెండోసారి వేయాలి. వరస మాన్యువల్‌లో ఉంటుంది. దీనివల్ల కేబుల్, డ్రైవర్ గొడవ ఏదీ ఉండదు. లోటు ఏమిటంటే చాలా చవక హ్యాండ్‌సెట్లలో మీటలతో చానల్‌కు పేరు పెట్టలేరు, అంకెలే కనిపిస్తాయి. ఏ నంబరు దేనిదో ఒక కాగితం ముక్క మీద రాసి రేడియో వెనక అంటించుకుంటే సరిపోతుంది. ఇది తెలిసిన మనిషికి డ్రిల్ రోజున ఇంకో మేలు కూడా ఉంది. ఉన్నట్టుండి వేరే ఫ్రీక్వెన్సీకి మారమంటే అప్పుడు ఎవరి దగ్గరా కంప్యూటర్ ఉండదు.

భర్త గారి లాప్‌టాప్‌లోనే, అదే కేబుల్‌తో కొనసాగడం ఇంకో దారి. మీకు ఒకసారి పనిచేసింది కాబట్టి మళ్లీ పనిచేస్తుంది. ప్లగ్ వదులు కాబట్టి మధ్యలో తెగవచ్చు. తెగితే కంగారు పడకుండా మళ్లీ మొదలుపెట్టండి. ఆ లాప్‌టాప్‌లో మీకో మంచి కబురు కూడా ఉండే అవకాశం ఉంది. సేవ్ చేయకుండా మూసేశానని బాధపడ్డారు కదా, చిర్ప్ కొత్త వెర్షన్లు రేడియో నుంచి చదివిన ప్రతిసారీ ఒక నకలును వాటంతటవే దాచిపెడతాయి. హెల్ప్ మెనూలో ఇమేజ్ బ్యాకప్ ఎక్కడుందో చూపించమనే ఎంపిక ఉంటుంది. ఆ ఫోల్డర్‌లో మీరు మొదట చదివిన రోజు తేదీతో ఫైల్ ఉందేమో చూడండి. ఉంటే అదే మీ రేడియో అసలు స్థితి. దాన్ని వెంటనే ఇంకో రెండు చోట్ల కాపీ చేసి పెట్టుకోండి.

మీ సొంత లాప్‌టాప్‌లో పాత డ్రైవర్‌కు వెళ్లడం మూడోది. పీఎల్2303 విషయంలో హ్యామ్‌లు ఎక్కువగా వాడేది 3.2.0.0 అనే వెర్షన్. దాన్ని ఇన్‌స్టాల్ చేశాక డివైస్ మేనేజర్‌లో కేబుల్ పేరు మీద అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, ఇంటర్నెట్‌లో వెతకమని కాకుండా కంప్యూటర్‌లో ఉన్న జాబితా నుంచి నేనే ఎంచుకుంటానని చెప్పి ఈ వెర్షన్‌ను ఎంచుకోవాలి. పసుపు గుర్తు పోతే పని అయినట్టే. అయితే విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడు కొత్త డ్రైవర్ మళ్లీ వచ్చి కూర్చోవచ్చు. అప్పుడు ఇదే పని మళ్లీ చేయాలి. ఇవాళ పనిచేసింది రేపు పనిచేయకపోతే అది మీ తప్పు కాదని ముందే తెలిసి ఉండటం మంచిది. డ్రైవర్‌ను ఎక్కడ పడితే అక్కడి నుంచి దించుకోకండి, నమ్మకమైన చోటు క్లబ్‌లో ఎవరినైనా అడిగి తెలుసుకోండి.

కొత్త కేబుల్ కొనాలంటే ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్ ఉన్నది చూడమంటాను. డ్రైవర్ తలనొప్పి చాలావరకు పోతుంది. వాటికీ నకళ్లున్నాయి. 2014లో వచ్చిన ఒక డ్రైవర్ అప్‌డేట్ ఆ నకళ్లను పనిచేయకుండా చేసి పెద్ద గొడవైంది కూడా. కాబట్టి చవకైనదానికి కాకుండా మీ రేడియో మోడల్‌కు సరిపోతుందని అమ్మేవారు రాతపూర్వకంగా చెప్పినదానికి వెళ్లండి. కొత్త రేడియో మాత్రం ఇప్పుడు వద్దు. అదే కేబుల్, అదే లాప్‌టాప్, అదే కోడ్ 10 దానికీ ఎదురవుతాయి.

నా మటుకు నేను చెప్పాలంటే, ఇవాళ సాయంత్రం రేడియోను చేతిలోకి తీసుకుని మీటలతో ఒక్క రిపీటర్ చానల్ పెట్టండి. పీటీటీ నొక్కి, మీ కాల్‌సైన్ చెప్పి, వదిలేసి వినండి. రిపీటర్ తెరుచుకుని ఉంటే, మీరు వదిలాక కూడా ఒకటి రెండు క్షణాలు దాని క్యారియర్ (మాట లేని ఉత్త సిగ్నల్) నిలబడి, తర్వాత కుస్స్ అని మూసుకుంటుంది. ఆ చప్పుడు విన్నారంటే డ్రిల్‌కు మీరు సిద్ధం. పేరు వెనక్కి తీసుకోనక్కరలేదు. ఆ చప్పుడు రాకపోతే ఒక్క మార్పే చేసి మళ్లీ చూడండి. ముందు టోన్, తర్వాత షిఫ్ట్ దిశ. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. చేసిన ప్రతి మార్పునూ ఒక పుస్తకంలో రాసుకోండి.

కంప్యూటర్ పని ఆ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. బ్యాకప్‌లో అసలు ఫైల్ దొరికితే దాన్ని తిరిగి ఎక్కించండి. దొరకకపోతే ఇప్పుడు రేడియోలో ఉన్నదాన్నే చదివి, సేవ్ చేసి, ఆ ఫైల్‌లోనే దిద్దుకోండి. ఇకపై ఇతరుల ఫైల్‌ను నేరుగా మీ రేడియోలోకి పంపకండి. ఇమేజ్ ఫైల్‌లో (రేడియో మెమరీ మొత్తానికి నకలు) చానళ్లతోపాటు స్వాగత సందేశం, సెట్టింగులు, కొన్ని మోడళ్లలో స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హోరు వినబడకుండా ఆపేది) స్థాయిలు కూడా ఉంటాయి. మీ తెర మీద ఆయన కాల్‌సైన్ రావడానికి కారణం అదే. పైకి ఒకేలా కనిపించే రెండు రేడియోల్లో ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) వేరుగా ఉండవచ్చు. మీ రేడియో ఫైల్ తెరిచి, అందులోకి ఆయన చానళ్ల వరుసలు మాత్రం కాపీ చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. ఆ వరుసల్లో మీ లైసెన్సు అనుమతించని ఫ్రీక్వెన్సీలు ఉన్నాయేమో ఒక్కొక్కటీ చూడండి. వినడానికి మాత్రమే కావాలనుకున్న చానల్‌కు డ్యూప్లెక్స్ గడిలో ‘ఆఫ్’ అని పెడితే, పొరపాటున పీటీటీ నొక్కినా రేడియో పంపదు.

చివరగా ఆ సీనియర్ గారి మాట. మీకు నొప్పి కలిగింది, కలగాల్సిన మాటే అది. ఆయనతో ఇప్పుడే తేల్చుకుంటే మనసు తేలికపడవచ్చు కానీ, డ్రిల్‌లో పక్కపక్కన పనిచేయాల్సిన మనుషుల మధ్య అది ఇంకో బరువు అవుతుంది. మౌనంగా ఊరుకుంటే ట్రాన్స్‌మిటర్ పోయిందన్న మాట క్లబ్‌లో అలాగే నిలబడిపోతుంది. మధ్యలో ఇంకో దారి ఉంది. ‘రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడితే నా సిగ్నల్ వినిపిస్తోందండీ, కాబట్టి ట్రాన్స్‌మిటర్ పనిచేస్తోంది. రిపీటర్ టోన్ ఎంతో, షిఫ్ట్ ఎటువైపో చెబుతారా?’ అని అడగండి. ఈ ప్రశ్నకు ఆయన చెప్పాల్సిన జవాబు ఒక అంకె, ఒక గుర్తు. అవి ఆయన చెప్పకపోతే రిపీటర్ నిర్వాహకులను అడగండి, వాళ్లు తప్పకుండా చెబుతారు. కంప్యూటర్ రాదన్న మాటకు మీరు ఏ జవాబూ చెప్పనక్కరలేదు. పసుపు గుర్తు, కోడ్ నంబరు, ప్లగ్ తిప్పడం, పక్క గది పరీక్ష అన్నీ వరసగా గుర్తుపెట్టుకుని రాసినవారికి ఈ పని ఎందుకు రాదు? మీరు అంత వివరంగా రాయబట్టే ఇంత దూరం నుంచి నేను ఏదైనా చెప్పగలిగాను.

రిపీటర్ చప్పుడు వినిపించిందో లేదో, ఆ బ్యాకప్ ఫోల్డర్‌లో మీ పాత ఫైల్ ఉందో లేదో నాకు రాయండి. చప్పుడు వినిపించకపోతే మీ చానల్ వరుసలోని నాలుగు గడుల్లో ఏముందో యథాతథంగా రాసి పంపండి, అక్కడి నుంచి చూద్దాం.